సామిల్లు పొట్టుతో రేకుల గదికి వేడి అడ్డు: చేసుకునే పద్ధతి

ఏప్రిల్ వచ్చిందంటే రేకుల గదిలో మధ్యాహ్నం పూట మనిషి నిలవలేడు. ఎండకు రేకు 60 డిగ్రీలు దాటి కాగుతుంది. ఆ సెగ నేరుగా నెత్తిమీదికి దిగుతుంది. ఫ్యాను వేస్తే పైనున్న వేడిగాలినే కిందికి తోస్తుంది. ఏసీ పెట్టుకున్నా, పైకప్పు సంగతి చూడకపోతే కరెంటు బిల్లు కట్టడమే మిగులుతుంది. ఇంకోవైపు ఏ సామిల్లు వెనక్కి వెళ్లి చూసినా చెక్కపొట్టు గుట్టలు గుట్టలుగా పడి ఉంటుంది. కొంత ఇటుక బట్టీలకు, కొంత బాయిలర్లకు, కొంత కోళ్ల ఫారాలకు పోతుంది. మిగిలింది వానకు తడిసి కుళ్లుతుంది, లేదా తగలబెడతారు. ఆ పొట్టునే శుద్ధి చేసి పైకప్పు కింద పరిస్తే గదిలోకి దిగే వేడి బాగా తగ్గుతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి అమెరికాలోని బోస్టన్ నుంచి కలకత్తాకు ఓడలో మంచుగడ్డలు పంపాడు. నాలుగు నెలల ప్రయాణం, దారిలో భూమధ్యరేఖను రెండుసార్లు దాటాలి. 180 టన్నులు బయల్దేరితే దాదాపు 100 టన్నులు చేరాయి. ఆయన మంచు వ్యాపారంలో గడ్డల చుట్టూ కూరే ముఖ్యమైన సరుకు సామిల్లు పొట్టే. చెన్నై మెరీనా ఎదురుగా ఇప్పుడు వివేకానందుడి పేరుతో ఉన్న పాత ఐస్ హౌస్ ఆయన మంచు నిల్వ చేయడానికి కట్టించిందే. చెరకురసం బండి దగ్గర ఐసుగడ్డను పొట్టులోనో ఊకలోనో కప్పి ఉంచడం మనం ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం.

పొట్టులో వేడిని ఆపేది చెక్క ఒక్కటే కాదు, ఆ చెక్క చుట్టల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలి కూడా. నాలుగంగుళాల పొట్టు ఎంత వేడిని అడ్డుకుంటుందో, అంత అడ్డుకోవాలంటే కాంక్రీటు సుమారు 8 అడుగుల మందం కావాలి. థర్మకోల్ షీటు అదే మందంలో ఇంతకన్నా ఎక్కువే ఆపుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ పొట్టు బరువు ఎక్కువ. తనలో వేడిని పట్టి ఉంచుకునే శక్తి అదే మందం థర్మకోల్‌ కన్నా చాలా రెట్లు. అందుకే మిట్టమధ్యాహ్నపు సెగ కింది దాకా రావడానికి గంటలు పడుతుంది.

అయితే పొట్టుకు ముగ్గురు శత్రువులున్నారు: నిప్పు, చెదలు, తడి. ఈ పనిలో మూడొంతులు ఆ ముగ్గురినీ కట్టడి చేయడమే. పరచడం ఒక పూటలో అయిపోతుంది. శుద్ధి చేయకుండా సంచులు తెచ్చి సీలింగు మీద పోస్తే ఇంటిమీద ఎండుగడ్డి వామి పెట్టుకున్నట్టే. ఓపిక లేదనుకుంటే అసలు మొదలుపెట్టకండి.

ఇక్కడ రాసిన కొలతలన్నీ 10 అడుగులకు 12 అడుగుల గదికి, నాలుగంగుళాల మందానికి. మీ గదిని బట్టి లెక్క మార్చుకోండి.

ఏ పొట్టు తేవాలి

సామిల్లులో రెండు రకాల పొట్టు దొరుకుతుంది. రంపం కోసేటప్పుడు రాలే సన్నపొడి ఒకటి. చిత్రిక మిషన్ నుంచి వచ్చే చుట్టలు చుట్టలుగా ఉండే పొట్టు ఇంకోటి, రందా పొట్టు అని కూడా అంటారు. మనకు కావాల్సింది రెండోది. సన్నపొడి కాలం గడిచేకొద్దీ అణిగిపోతుంది, అందులో గాలి నిలవదు, తేమ పట్టిందంటే ఒక పట్టాన ఆరదు. చేతిలోకి గుప్పెడు తీసుకుని గట్టిగా పిడికిలి బిగించి వదలండి. చుట్టలు మళ్లీ విప్పుకుని పైకి లేస్తే మంచి పొట్టు. ముద్దగా అలాగే ఉండిపోతే అందులో పొడి ఎక్కువుంది, లేదా తడి ఉంది.

తలుపులు, కిటికీలు చేసే వడ్రంగి షెడ్లలో ఈ పొట్టు ఎక్కువగా వస్తుంది. అక్కడ ఆరిన కలప వాడతారు కాబట్టి పొట్టు కూడా పొడిగా ఉంటుంది. పచ్చి దుంగలు కోసే మిల్లు పొట్టులో సగం బరువు నీళ్లే ఉండవచ్చు. టేకు పొట్టు దొరికితే అదృష్టం, దాన్ని చెదలు అంత త్వరగా ముట్టవు. మామిడి, యూకలిప్టస్, రబ్బరు చెక్క పొట్టు కూడా పనికొస్తుంది గానీ నిప్పుకు, చెదలకు పట్టించే మందు వాటికి తప్పనిసరి. నిజానికి దేనికైనా తప్పనిసరే.

ప్లైవుడ్, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు, లామినేట్ కోసిన పొట్టు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. వాటిలో వాడే జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ వాయువు వస్తూనే ఉంటుంది. మనం పడుకునే గదిపైన అది ఉండకూడదు. రంగు వేసిన పాత చెక్క, పాత రైలు స్లీపర్లు, రసాయనం పట్టించిన స్తంభాల పొట్టు కూడా అంతే. షెడ్డులో ఇవన్నీ ఒకే మూల ఊడ్చిపెడుతుంటారు. ముందురోజే వెళ్లి మాట్లాడుకుని, అసలు చెక్క చిత్రిక పట్టేటప్పుడు మిషన్ కిందే సంచి కట్టించుకోండి.

మన గదికి ఆరిన పొట్టు 110 నుంచి 120 కిలోలు కావాలి. సంచుల లెక్క నమ్మకుండా కాటా వేయించండి. ఇంటికి తెచ్చాక కిటికీ దోమల జాలీతో జల్లించి సన్నపొడి తీసేయండి. ఆ పని చేసేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకోవాల్సిందే. చెక్కధూళి క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో ఉంది. ఏ జేబురుమాలో కట్టుకుంటే చాలదు.

మందు పట్టించడం

వెలిగారం, అంటే బోరాక్స్. దానితోపాటు బోరిక్ యాసిడ్. ఈ రెండూ కావాలి. ఒక్క వెలిగారం చాలదా అని అడుగుతుంటారు. చాలదు. వెలిగారం మంట పాకడాన్ని ఆపుతుంది గానీ, మంట లేకుండా లోలోపల కణకణలాడుతూ రాజుకునే నిప్పును ఆపలేదు. ఆ పని బోరిక్ యాసిడ్‌ది. పొట్టులో అసలు భయం ఆ లోపలి నిప్పుతోనే. పైకి ఏమీ కనిపించదు, గంటల తర్వాత ఒక్కసారిగా అంటుకుంటుంది. రెండూ కలిపితే చెదలకు, పురుగుకు, బూజుకు కూడా మందే. కలప శుద్ధికి బోరిక్ యాసిడ్ ఒక వంతు, వెలిగారం ఒకటిన్నర వంతు కలపడం మన దేశంలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి.

10 కిలోల ఆరిన పొట్టుకు:
వెలిగారం 900 గ్రాములు
బోరిక్ యాసిడ్ 600 గ్రాములు
నీళ్లు ఏడున్నర లీటర్లు

మొత్తం గదికి పది, పదకొండు కిలోల వెలిగారం, ఏడు కిలోల బోరిక్ యాసిడ్ పడతాయి. కెమికల్స్ అమ్మే హోల్‌సేల్ దుకాణంలో బస్తా లెక్కన తీసుకోండి. మందుల షాపు చిన్న డబ్బాలు కొంటే జేబు గుల్లవుతుంది.

నీళ్లు పొగలు వచ్చేదాకా కాచండి, మరగనక్కర్లేదు. రెండు పొడులూ పోసి కర్రతో తిప్పుతూ ఉంటే నీళ్లు తెల్లబడి, మళ్లీ తేటగా అవుతాయి. తేటబడితే పూర్తిగా కరిగినట్టు. చన్నీళ్లలో ఇంత మోతాదు కరగదు, అడుగున ఇసుకలా మిగిలిపోతుంది. చల్లారినా అదే జరుగుతుంది, అందుకే వేడిమీదే చల్లాలి. దీనికి వాడిన గిన్నెను మళ్లీ వంటకు వాడొద్దు.

మేడమీదో వాకిట్లోనో తార్పాలిన్ పరిచి 10 కిలోల పొట్టు పోయండి. మొక్కలకు నీళ్లు పోసే రోజ్ డబ్బాతో ఒకరు చల్లుతుంటే ఇంకొకరు పారతో కలియబెడుతుండాలి. పురుగుమందు స్ప్రేయర్ వాడకండి: మందు గడ్డకట్టి దాని నాజిల్ మూసుకుపోతుంది, పైగా తర్వాత ఆ స్ప్రేయరు పైరుకు వాడితే ఈ మందులో ఉండే బోరాన్ ఎక్కువై ఆకులు మాడతాయి. చేతులకు రబ్బరు గ్లౌజులు వేసుకోండి. గర్భిణులను, చిన్నపిల్లలను ఈ పని దగ్గరికి రానివ్వొద్దు.

చల్లడం అయ్యాక పొట్టునంతా కుప్పచేసి తార్పాలిన్ కప్పి ఒక రాత్రి వదిలేయండి. మందు పైపైన అంటుకోకుండా చెక్క లోపలికి ఇంకడానికి ఆ రాత్రి కావాలి. చాలామంది దీన్ని వదిలేసి నేరుగా ఎండలో పోస్తారు. అప్పుడు మందు పైన తెల్లటి పొడిగా మిగిలి, ఎత్తేటప్పుడే సగం రాలిపోతుంది.

ఆరబెట్టడం

ఈ పనంతా మార్చి, ఏప్రిల్, మే నెలల్లోనే పెట్టుకోవాలి. మృగశిర కార్తె వచ్చేలోపు పొట్టు ఆరి సీలింగు పైకి చేరిపోవాలి. రెండంగుళాల మందాన పరిచి, పూటకు రెండుమూడుసార్లు తిరగబోస్తే మంచి ఎండలో రెండు మూడు రోజుల్లో ఆరుతుంది. రాత్రిపూట మంచు పడకుండా కప్పండి. మధ్యలో వాన జల్లు పడి నీళ్లు కారేంతగా తడిస్తే మందు కొట్టుకుపోయినట్టే, ఎందుకంటే అది నీళ్లలో కరిగే సరుకు. అలా తడిసిన పొట్టుకు మళ్లీ మందు పట్టించాలి.

ఆరిందో లేదో చేత్తో పట్టుకుని చెప్పలేం. ఒక గాజు సీసాలో సగం దాకా పొట్టు వేసి మూత బిగించి గంటసేపు ఎండలో పెట్టండి. లోపలి గోడలకు నీటి చెమట పడితే ఇంకా ఆరలేదు. గాజు తేటగా ఉంటే ఆరింది. చెక్కలో తేమ 20 శాతం దాటితే బూజు మొదలవుతుంది. కోస్తా గాలిలో ఆరిన చెక్క కూడా వానాకాలంలో 15, 16 శాతం దాకా తేమ పీల్చుకుంటుంది. మనకు మిగిలే వెసులుబాటు అంతే. అందుకే మొదట్లోనే ఎముకలా ఆరాలి.

నిప్పు పరీక్ష

ఇది చేయకుండా ఒక్క గుప్పెడు కూడా పైకి ఎక్కించకండి. ఆరుబయట రెండు ఇటుకలు పెట్టి, పక్కన బకెట్ నీళ్లు ఉంచుకోండి. ఇటుకమీద గుప్పెడు మందు పట్టని పొట్టు పెట్టి అగ్గిపుల్ల గీసి చూడండి. పసుపు మంట లేస్తుంది, ఆరాక కూడా ఎర్రటి నిప్పుగీత పొట్టులో పాకుతూ బూడిద చేసుకుంటూ పోతుంది. ఇప్పుడు రెండో ఇటుకమీద మందు పట్టిన పొట్టు పెట్టి లైటర్ మంటను అర నిమిషం దాని మీదే ఉంచండి. మంట తగిలినచోట నల్లగా మాడుతుంది, కొన్నిసార్లు మంట అంచున ఆకుపచ్చ రంగు కూడా కనిపిస్తుంది, అది బోరాన్ రంగు. లైటర్ తీసేయగానే ఆరిపోవాలి. మాడిన అంచున ఎర్రటి చుక్క మిగలకూడదు. అయిదు నిమిషాలు ఆగి, పుల్లతో కెలికి మళ్లీ చూడండి. ఎక్కడైనా రాజుకుంటూ ఉంటే ఆ కుప్పకు మందు చాలలేదు. ప్రతి కుప్ప నుంచీ మూడుచోట్ల తీసి ఈ పరీక్ష చేయాలి.

ఈ పరీక్షలో నెగ్గిన పొట్టు కూడా అసలు కాలనిది అనుకోవద్దు. మంట తగులుతున్నంతసేపు మాడుతుంది, తనంతట తాను మంటను పెంచదు, అంతే. కట్టెల పొయ్యి ఉన్న వంటగది పైన, పొగగొట్టం వెళ్లే గది పైన దీన్ని పెట్టకండి.

పైకప్పును సిద్ధం చేయడం

ముందు రేకుల కారుళ్లు ఆపించండి. బోల్టుల దగ్గర రబ్బరు వాషర్లు చూడండి, అతుకుల దగ్గర సీలెంట్ కొట్టించండి. కారే కప్పు కింద పొట్టు పరిస్తే మొదటికే మోసం వస్తుంది. పనిలో పనిగా రేకు పైన తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించుకుంటే ఇంకా మంచిది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ చెప్పేది కూడా ఇదే: ఎండను పైనే వెనక్కి కొట్టాలి. రంగు పైన, పొట్టు కింద ఉంటే రెండూ ఒకదానికొకటి సాయం.

మీవి ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులైతే వాటికి కొత్త రంధ్రాలు వేయడం, కోయడం, పొడి చీపురుతో రుద్దడం చేయొద్దు. ఆ ధూళి ఊపిరితిత్తులకు విషం. అయినా సీలింగు బోర్డులను, పొట్టును మోయడానికి మనం కట్టే చట్రానికి రేకుతో పని లేదు.

చట్రాన్ని గోడ నుంచి గోడకు కట్టాలి. వెల్డర్లు టూ బై వన్ అనే ఇనుప పైపును, రెండంగుళాల వైపు నిలువుగా ఉండేలా, 10 అడుగుల అడ్డం మీద రెండడుగులకొకటి చొప్పున గోడల్లో దిగేయించండి. గోడ గట్టి ఇటుకదై ఉండాలి. పొట్టు బరువు మందుతో కలిపి చదరపు మీటరుకు సుమారు 12 కిలోలు, జిప్సం బోర్డు ఇంకో 8, 9 కిలోలు. మామూలు ఫాల్స్ సీలింగ్‌కు వేలాడదీసే సన్న తీగలు ఈ బరువుకు నమ్మదగ్గవి కావు. పైపులకు ఎర్ర ప్రైమరు కొట్టించడం మరవకండి.

పొట్టుకు, రేకుకు మధ్య కనీసం ఆరంగుళాల ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలోకి ఒకవైపు చూరు నుంచి గాలి వచ్చి రెండోవైపు నుంచి బయటికి పోవాలి. రేకు సెగ గాలితోపాటే కొంత పోతుంది, రాత్రి రేకు కింద పట్టే చెమట కూడా ఆరుతుంది. గాలి దారులకు అరంగుళం కన్నా సన్నటి కన్నుల వెల్డ్ మెష్ బిగించండి. ఎలుకలకు, ఉడతలకు ఈ పొట్టు కన్నా మంచి గూడు దొరకదు.

కరెంటు పని సీలింగుకు ముందే అయిపోవాలి. పొట్టులోంచి వెళ్లే ప్రతి వైరూ పీవీసీ గొట్టంలో ఉండాలి. జంక్షన్ బాక్సులు పొట్టులో పూడిపోకూడదు, గోడమీదికి దించండి. పొట్టు చుట్టూ ఉంటే వైరు వేడి బయటికి పోదు కాబట్టి ఏసీ లైనుకు ఒక సైజు లావు వైరు వేయమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. సీలింగులోకి చొప్పించే గుండ్రటి లైట్లు ఈ గదిలో వద్దు, బయటికి బిగించే ఎల్ఈడీలు చాలు. ఫ్యాను కొక్కేన్ని ఇనుప పైపుకే తగిలించి, దాని చుట్టూ ఆరంగుళాల ఎత్తున రేకు డబ్బా కట్టి పొట్టును దూరంగా ఉంచండి.

పరచడం

బోర్డుగా 12.5 మిల్లీమీటర్ల జిప్సం వాడండి. జిప్సం బరువులో అయిదో వంతు నీరే, రసాయనికంగా కట్టుబడి ఉంటుంది. కింద గదిలో మంట లేచినా ఆ నీరు ఆవిరయ్యేదాకా పొట్టుకు పెద్ద సెగ అందదు. ప్లాస్టిక్ పలకల సీలింగ్ చౌక అని దానిమీద పొట్టు పోయకండి, చిన్న మంటకే కరిగి జారిపోతుంది.

ఒకవైపు గోడ నుంచి మొదలుపెట్టి ఒక వరస బోర్డులు కింద నుంచి స్క్రూలతో బిగించండి. దానిమీద క్రాఫ్ట్ పేపర్, అంటే గోధుమరంగు మందపాటి కాగితం పరిచి, ఇంకా తెరిచి ఉన్న పక్కనుంచి పొట్టు పోసి చెక్కపలకతో మెల్లగా అదిమి చదును చేయండి. నాలుగంగుళాలు కావాలంటే అయిదు పోయాలి, మొదటి ఏడాదిలో కొంత అణుగుతుంది. ఆ వరస నిండాక రెండో వరస. మూలల్లో, పైపుల పక్కన ఖాళీ వదలకండి, వేడి అక్కడినుంచే దూరుతుంది. చివరి వరసలో రెండడుగుల చదరం తలుపు ఒకటి పెట్టించండి. మిగిలిన చోట అందులోంచే నింపి, తలుపు మీదికి పొట్టు నింపి కుట్టిన సంచి ఒకటి పెడితే సరి. తర్వాత తనిఖీకి కూడా అదే దారి.

పైన గాలికి పొట్టు లేవకుండా పాత నూలు చీరలు పరవండి. అదే మందు నీళ్లలో ముంచి ఆరబెట్టినవే వాడాలి. పాలిస్టర్ చీరలు పనికిరావు.

పాలిథిన్ షీటు సంగతి గట్టిగా చెప్పాలి. చలిదేశాల వీడియోల్లో గదివైపు, అంటే పొట్టుకు కింద, ప్లాస్టిక్ షీటు వేయడం చూపిస్తారు. అక్కడ తేమ వెచ్చటి గది నుంచి బయటి చలిలోకి పోతుంది కాబట్టి వాళ్లకు అది సరైనదే. మన దగ్గర ఏసీ గదైతే తేమ బయటి ఉక్క నుంచి చల్లటి సీలింగు వైపు వస్తుంది. కింద ప్లాస్టిక్ ఉంటే దానిమీదే నీళ్లు పట్టి పొట్టు అడుగున తడుస్తుంది, పైకి తెలియకుండా కుళ్లిపోతుంది. పైనా వద్దు, కిందా వద్దు. కాగితం, నూలు, జిప్సం, మామూలు గోడరంగు: అన్నీ ఆవిరిని పోనిచ్చేవే ఉండాలి.

స్లాబు ఇళ్లకు కూడా ఇదే పద్ధతి లోపలివైపు నుంచి చేయొచ్చు, గది ఎత్తు తగ్గుతుందని ముందే చూసుకోండి. కానీ స్లాబు పైన మాత్రం పొట్టు పోయకండి, సిమెంటులో కలిపి అయినా సరే. చెక్కలోని చక్కెరలు సిమెంటును సరిగా గట్టిపడనివ్వవు, వాననీళ్లు దిగితే ఎప్పటికీ ఆరదు. చెక్కను సిమెంటుతో కలిపి ఫ్యాక్టరీలో చేసే ఉడ్ ఊల్ పలకలు వేరే సంగతి, వాటికి ఐఎస్ 3308 అనే భారతీయ ప్రమాణమే ఉంది. గోడలకు వేడి అడ్డు కావాలనుకునేవాళ్లు అవి తెచ్చుకోవడం మేలు. గోడ సందులో వదులు పొట్టు పోస్తే కొన్నాళ్లకు అణిగి పైభాగం ఖాళీ అవుతుంది.

తర్వాత చూసుకోవాల్సింది

మొదటి పెద్ద వాన పడిన మర్నాడే తలుపు తీసి టార్చి వేసి చూడండి. చీర మీద ఎక్కడైనా మరక కనిపిస్తే ఆ చోట చెయ్యి అడుగుదాకా పెట్టి చూడండి. తడి తగిలితే ఆ భాగం పొట్టు తీసేసి, కారుడు ఆపి, మందు పట్టించిన కొత్త పొట్టు నింపాలి. తడిసిన పొట్టును ఎండబెట్టి అలాగే మళ్లీ పోయొద్దు, మందు ఎంత కారిపోయిందో చెప్పలేం. ఇందుకోసమే ఒక సంచి శుద్ధి చేసిన పొట్టు పక్కన దాచి ఉంచుకోవాలి. వానాకాలం అయ్యాక ఇంకోసారి చూడండి. గోడలు, పైపులు కలిసే చోట చెదల మట్టి గీతలు కనిపిస్తే గోడకు వైద్యం చేయించాలి, వాటి దారి అదే. మందం తగ్గినచోట పైనుంచి పొట్టు వేసి సరిచేయండి.

తీసేసిన పొట్టును మొక్కల మొదళ్లలో వేయకండి, అంత బోరాన్ మొక్కలు తట్టుకోలేవు. పశువుల పాకలో, కోళ్ల కింద పరవడానికీ, పొయ్యిలో పెట్టడానికీ పనికిరాదు. పొడిగా ఉన్నదైతే మళ్లీ నిప్పు పరీక్ష చేసి ఇంకో గదికి వాడుకోవచ్చు. దాచి ఉంచే సంచుల మీద మందు పేరు, తేదీ మార్కరుతో పెద్దగా రాసి కట్టండి, మీరు లేనప్పుడు ఎవరైనా మామూలు పొట్టనుకుని తీసుకెళ్లకుండా.